ఖాళీ గడి

సైన్సు గదిలో గోడకు వేలాడే ఆవర్తన పట్టిక చార్టును ఒకసారి ఏడో తరగతి పిల్లవాడి కళ్ళతో చూడండి. రంగురంగుల గడులు 118. ప్రతి గడిలో ఒకటో రెండో ఇంగ్లీషు అక్షరాలు, ఓ మూల ఒక అంకె, కింద దశాంశంతో మరో అంకె. ఎక్కడా ఖాళీ లేదు, ఎక్కడా సందేహం లేదు. కట్టడం పూర్తయి, సున్నాలు వేసి, తలుపులు బిగించిన ఇల్లులా ఉంటుంది. దాని ముందు నిలబడ్డ పిల్లవాడికి తాను చేయదగ్గ పని ఒక్కటే కనిపిస్తుంది: అప్పజెప్పడం. మొదటి ఇరవై మూలకాలు రేపటికి నేర్చుకు రమ్మనే మాటతో మన బళ్ళలో చాలామందికి రసాయన శాస్త్రం మొదలవుతుంది. హైడ్రోజన్, హీలియం, లిథియం, బెరీలియం అంటూ ఎక్కంలా సాగే ఆ వరస నోటికి వస్తుంది, పరీక్షలో బిట్లు రాయడానికి పనికొస్తుంది, సెలవుల తర్వాత చాలామందికి గుర్తుండదు. నేను చెప్పదలచుకున్నది ఒక్కటే. ఆవర్తన పట్టిక పిల్లలు మోయవలసిన జాబితా కాకూడదు, వాళ్ళు తమ చేత్తో పేర్చి చూసుకునే లెక్క కావాలి. ముందు పదార్థాలను చూడాలి, తర్వాత పోలికలు పట్టాలి, ఆ పైన వరసలు పేర్చాలి, ఖాళీ కనిపించిన చోట ఏముండాలో ఊహించాలి. నిండిన పట్టికను గోడకు తగిలించడం ఆ తర్వాతే.

దీనికి మొదటి సాక్ష్యం పట్టిక పుట్టుకే. 1860ల చివర సెయింట్ పీటర్స్‌బర్గ్ విశ్వవిద్యాలయంలో పాఠాలు చెబుతున్న దిమిత్రీ మెండలీవ్‌కు తన విద్యార్థుల చేతిలో పెట్టడానికి తగిన పుస్తకం రష్యన్ భాషలో కనిపించలేదు. తానే రాయడానికి పూనుకున్నాడు. హైడ్రోజన్, ఆక్సిజన్, నైట్రోజన్, కార్బన్, ఆ తర్వాత క్లోరిన్ కుటుంబం. ఈ ఎనిమిది మూలకాలు చెప్పేసరికే మొదటి సంపుటం నిండిపోయింది. అప్పటికి తెలిసిన మూలకాలు 63. మిగిలిన 55 మూలకాలూ ఒక్క సంపుటంలో ఇమడాలి. ఒక్కొక్కదాని గుణాలూ విడివిడిగా చెబుతూ పోతే పుస్తకమూ చాలదు, చదివేవాడి బుర్రా చాలదు. ఒకదాన్ని చెబితే దాని తోబుట్టువులన్నీ తెలిసిపోయే దారి కావాలి. క్లోరిన్ కుటుంబం పక్కన సోడియం కుటుంబాన్ని పెట్టి, రెంటి పరమాణు భారాలనూ పోల్చుకుంటూ పోయేసరికి ఆ దారి దొరికింది. 1869 మార్చిలో ఆయన పట్టిక లోకానికి తెలిసింది. అంటే ఆవర్తన పట్టిక ఒక పాఠ్యపుస్తక రచయిత తంటాల్లోంచి, విద్యార్థి మోసే భారం తగ్గించాలన్న తపనలోంచి పుట్టింది. భారం దించడానికి పుట్టిన పట్టికనే మనం పిల్లల నెత్తిన భారంగా పెట్టడం ఎంతమాత్రం న్యాయం కాదు.

క్రమం ఉందని మెండలీవ్‌కు ముందూ కొందరు పసిగట్టారు. 1829లో డాబరీనర్ మూలకాలను మూడేసిగా జతచేసి చూపించాడు. లిథియం భారం 7, పొటాషియం 39. రెండూ కలిపి సగం చేస్తే 23, అది సరిగ్గా సోడియం భారం. 1865లో న్యూలాండ్స్ సంగీతంలో సప్తస్వరాల తర్వాత మళ్ళీ షడ్జం వచ్చినట్టు ప్రతి ఎనిమిదో మూలకం మొదటిదాన్ని పోలి ఉంటుందన్నాడు. కాని న్యూలాండ్స్ తెలిసిన మూలకాలతోనే గడులన్నీ నింపేయాలని చూశాడు. దాంతో పోలిక లేనివి పక్కపక్కన చేరాయి, శాస్త్రవేత్తల సభలో పెద్దలు ఒప్పుకోలేదు. మెండలీవ్ మాత్రం సరిపడే మూలకం లేని చోట గడి ఖాళీగా వదిలేశాడు. పైగా ఆ ఖాళీలకు మన సంస్కృత అంకెతో ‘ఏక’ అని ముందు చేర్చి పేర్లు పెట్టాడు. అల్యూమినియం కింద ఉండవలసినది ఏక-అల్యూమినియం, సిలికాన్ కింద ఉండవలసినది ఏక-సిలికాన్, బోరాన్ తర్వాతది ఏక-బోరాన్. వాటి భారం, సాంద్రత, అవి ఏర్పరచే సమ్మేళనాలు ముందే రాసిపెట్టాడు. 1875లో ఫ్రాన్సులో గాలియం దొరికింది, 1879లో స్కాండియం, 1886లో జెర్మేనియం. గాలియం కనిపెట్టిన బ్వాబోద్రాన్ దాని సాంద్రత 4.7 అని లెక్కగట్టాడు. ఆ లోహాన్ని కళ్ళతో చూడని మెండలీవ్ అది 5.9 దాకా ఉండాలి, మళ్ళీ కొలవమన్నాడు. లోహాన్ని ఇంకా శుద్ధి చేసి కొలిస్తే 5.9 వచ్చింది. చేతిలో లోహం ఉన్నవాడి కొలతను చేతిలో కాగితం ఒక్కటే ఉన్నవాడు సరిదిద్దాడు. ఏడో తరగతి పిల్లవాడికి శాస్త్రం అంటే ఏమిటో చెప్పడానికి ఇంతకు మించిన కథ నాకు కనిపించదు. నిండిన చార్టు ఈ కథను చెప్పలేదు. ఖాళీ గడి చెబుతుంది.

ఇదంతా చిన్నపిల్లలకు ఎక్కుతుందా అంటే, తెలుగు పిల్లలకు ఇలాంటి పట్టిక ఒకటి అంతకు ముందే వచ్చు. అది మన వర్ణమాలలోని హల్లుల చార్టు. క ఖ గ ఘ ఙ, దాని కింద చ ఛ జ ఝ ఞ, ఆ కింద ట వర్గం, త వర్గం, ప వర్గం. అడ్డంగా ఐదు, నిలువుగా ఐదు. ఆ ఇరవై ఐదు అక్షరాలూ ఎలా పడితే అలా పేర్చినవి కావు. పై వరస నుంచి కింది వరసకు వస్తుంటే శబ్దం పుట్టే చోటు గొంతు నుంచి పెదవుల దాకా ముందుకు నడుస్తుంది. క గొంతు దగ్గర, చ అంగిట్లో, ట నాలుక మడతలో, త పళ్ళ దగ్గర, ప పెదవుల మీద. ఎడమ నుంచి కుడికి పోతుంటే పలికే తీరు మారుతుంది: ముందు పరుషం, తర్వాత ఒత్తు, తర్వాత సరళం, దాని ఒత్తు, చివర ముక్కుతో పలికేది. ఒక్క అక్షరాన్ని తుడిచేసినా, దాని వరసను బట్టీ దాని నిలువును బట్టీ అక్కడ ఏ శబ్దం ఉండాలో నోటితో పలికి తేల్చుకోవచ్చు. ఙ, ఞ మన రోజువారీ మాటల్లో విడిగా దాదాపు రావు. అయినా వాటి గడులు వాటికి ఉన్నాయి, ఎందుకంటే ఆ చోట ఆ శబ్దం ఉండి తీరాలని క్రమమే చెబుతోంది.

అక్కడితో పోలిక ఆగదు. హైస్కూల్లో తెలుగు మాస్టారు సరళాదేశ సంధి చెబుతారు. ద్రుతం మీద పరుషం వస్తే అది సరళమవుతుంది. క అయితే గ, చ అయితే జ, ట అయితే డ, త అయితే ద, ప అయితే బ. ఐదు అక్షరాలకు ఐదు సూత్రాలు అక్కర్లేదు. ఒక నిలువు వరస మొత్తం కలిసికట్టుగా కదిలి మూడో నిలువు వరసలోకి మారుతుంది. ఒకే నిలువులో ఉన్నవి ఒకే సందర్భంలో ఒకేలా ప్రవర్తిస్తాయి. రసాయన శాస్త్రంలో గ్రూపు అన్న మాటకు అర్థం ఇదే. లిథియం, సోడియం, పొటాషియం ఒక నిలువు. మూడూ కత్తితో కోయగలిగినంత మెత్తని లోహాలు, మూడూ నీళ్ళలో పడితే హైడ్రోజన్‌ను వెళ్ళగొడతాయి, మూడూ క్లోరిన్‌తో ఒకటికి ఒకటిగా కలిసి ఉప్పులాంటి తెల్లని పదార్థాలు ఇస్తాయి. కింది వరసకు పోయిన కొద్దీ ఆ తీవ్రత పెరుగుతుంది, అంతే. వ్యాకరణం చదివిన పిల్లవాడికి రసాయన శాస్త్రంలోని ఈ కీలకం కొత్తది కాదు, తెలిసినదే ఇంకో చోట కనిపించడం. తెలుగు మాస్టారూ సైన్సు మాస్టారూ ఒక్క గంట కలిసి పాఠం చెప్పుకుంటే ఇద్దరి పాఠాలూ బలపడతాయి.

అయితే అక్షరాలకు ముందు మాటలు వచ్చినట్టే, పట్టికకు ముందు పదార్థాలు రావాలి. మాట్లాడటం రాని పసివాడికి ఎవరూ ఓనమాలు దిద్దించరు. ఆరు, ఏడు తరగతుల పిల్లలకు కావలసింది పేర్ల కంటే ముందు పదార్థాలతో పరిచయం. దానికి పెద్ద ప్రయోగశాల అక్కర్లేదు. పసుపులో సున్నం కలిపితే ఎర్రని పారాణి అవుతుందనీ, దిష్టి తీసే ఎర్రనీళ్ళు అలాగే చేస్తారనీ మన ఇళ్ళలో పిల్లలకు తెలుసు. ఆ ఎరుపులో నిమ్మరసం పిండితే మళ్ళీ పసుపు తేలుతుంది. ఆ ఒక్క రంగు మార్పులో ఆమ్లం, క్షారం అనే రెండు పెద్ద తెగలు ఉన్నాయి. కాగితం మీద పసుపు పూసి ఆరబెట్టి ఒక్కో ద్రవంలో ముంచి చూడమంటే, ఆ పిల్లలే వంటింటిని రెండు జాబితాలుగా విడగొడతారు. కట్టెల పొయ్యి బూడిద కలిపి తేర్చిన నీళ్ళలో ఆ కాగితం ఎర్రబడుతుంది, బట్టల సోడా నీళ్ళలోనూ ఎర్రబడుతుంది. మన పెద్దలు బూడిదతో అంట్లు తోమారు, చాకళ్ళు చవుడు మట్టితో బట్టలు ఉతికారు. బూడిదలో ఉన్నది ఎక్కువగా పొటాషియం కార్బొనేట్, చవుడులో ఉన్నది సోడియం కార్బొనేట్. వేరు వేరు చోట్ల దొరికిన ఈ రెండూ ఒకే పని చేయడానికి కారణం సోడియం, పొటాషియం ఒకే నిలువులో ఉండటమే. ఆ రెంటి కార్బొనేట్లూ నీటిలో చక్కగా కరుగుతాయి. పక్క నిలువులోని కాల్షియం కార్బొనేట్ సున్నపురాయి, అది కరగదు. కాబట్టి దానితో ఇల్లు కట్టుకున్నాం, బట్టలు ఉతుక్కోలేదు. పట్టికలో ఒక గడి పక్కకు జరిగితే మన ఇంట్లో ఎంత తేడా వస్తుందో పిల్లలకు ఇలా చూపించవచ్చు.

ఇంకొకటి చూడండి. గ్యాస్ పొయ్యి మీద చారు పొంగి ఒక చుక్క మంటలో పడితే నీలిమంట ఒక్క క్షణం నిండు పసుపుగా మారుతుంది. అది ఉప్పులోని సోడియం రంగు. ఇలా మంటలో పెడితే కొన్ని మూలకాలకు తమదంటూ ఒక రంగు ఉంటుంది, వర్ణపటదర్శినిలోంచి చూస్తే ఆ రంగు సన్నని గీతలుగా విడిపోతుంది. ఈ వంటింటి పసుపు మనల్ని నేరుగా గుంటూరు తీసుకుపోతుంది. 1868 ఆగస్టు 18న సంపూర్ణ సూర్యగ్రహణం పట్టినప్పుడు ఫ్రెంచి ఖగోళ శాస్త్రవేత్త జాన్సెన్ గుంటూరులో, మద్రాసు వేధశాల అధిపతి పోగ్సన్ బందరులో తమ పరికరాలు సూర్యుడి వైపు తిప్పారు. సూర్యుడి అంచున ఎగసే జ్వాలల వెలుగులో ఆనాటి పరిశీలకులకు ఒక పసుపు గీత కనిపించింది, అది సోడియం గీత ఉండే చోటికి ఎంతో దగ్గర. కాని అది సోడియం గీత కాదని ఆ ఏడాదే ఇంగ్లండులో లాకయర్ తేల్చాడు. భూమి మీద ఎవరూ ఎరగని ఆ మూలకానికి సూర్యుడి గ్రీకు పేరు మీద హీలియం అని పేరొచ్చింది. భూమి మీద అది రామ్సే చేతికి దొరకడానికి 1895 దాకా పట్టింది. గుంటూరు గ్రహణానికి ఆరున్నర నెలల తర్వాత వెలువడిన మెండలీవ్ పట్టికలో హీలియానికి గడి లేదు, దాని తోబుట్టువులకూ లేదు. 1894లో ఆర్గాన్ బయటపడ్డప్పుడు మెండలీవే నమ్మలేక తటపటాయించాడు. చివరికి ఈ వాయువుల కోసం పట్టికలో ఒక కొత్త నిలువు వరసే చేర్చారు. మిగతా ఒక్క గడీ చెదరలేదు. మన పిల్లలు రెండో మూలకంగా వల్లించే హీలియం వెనుక తమ ఊరి ఆకాశం ఉందని వాళ్ళకు చెప్పకపోవడం పెద్ద లోటు.

ఇక అసలు పట్టిక ఎలా పరిచయం చేయాలి? అట్ట ముక్కలు పదహారు కత్తిరించండి. లిథియం నుంచి కాల్షియం వరకు మూలకాలు రాయండి, జడవాయువులు వదిలేయండి, మెండలీవ్‌కూ అవి తెలియవు కదా. ప్రతి ముక్క మీద పేరు, పరమాణు భారం, అది లోహమా అలోహమా, ఘనమా వాయువా, హైడ్రోజన్‌తోనో క్లోరిన్‌తోనో కలిసేటప్పుడు ఎన్ని చేతులు చాపుతుంది అన్నవి మాత్రం రాయండి. లిథియం 7, బెరీలియం 9, బోరాన్ 11, కార్బన్ 12, నైట్రోజన్ 14, ఆక్సిజన్ 16, ఫ్లోరిన్ 19. చేతులు వరసగా ఒకటి, రెండు, మూడు, నాలుగు, మళ్ళీ మూడు, రెండు, ఒకటి. తర్వాత వచ్చే సోడియం 23, మెత్తని లోహం, ఒక్క చేయి. లిథియాన్ని పోలిందని పిల్లలే పట్టుకుని దాని కింద కొత్త వరస మొదలుపెడతారు. మెగ్నీషియం 24, అల్యూమినియం 27 కుదురుగా కూర్చుంటాయి. ఇక్కడే మాస్టారు చేయవలసిన పని ఒకటి ఉంది. సిలికాన్ ముక్కను ముందే జేబులో దాచుకోవాలి. అప్పుడు అల్యూమినియం తర్వాత పిల్లల చేతికి వచ్చేది ఫాస్ఫరస్ 31. అది కార్బన్ కిందికి వస్తుంది, కాని కార్బన్‌కు నాలుగు చేతులు, దీనికి మూడే. దాని పక్కన రెండు చేతుల గంధకం మూడు చేతుల నైట్రోజన్ కిందికి, ఒక్క చేతి క్లోరిన్ రెండు చేతుల ఆక్సిజన్ కిందికి వస్తాయి. చివరికి ఫ్లోరిన్ అనే విషవాయువు కింద పొటాషియం అనే లోహం వచ్చి కూర్చుంటుంది. వరసంతా చెడింది. పిల్లలు ముక్కలు అటూ ఇటూ మారుస్తారు, వాదించుకుంటారు. ఎవరో ఒకరు ఫాస్ఫరస్‌ను ఒక గడి కుడికి జరుపుతారు. ఒక్కసారిగా అన్నీ సర్దుకుంటాయి. నడుమ ఒక గడి ఖాళీ. అక్కడ ఉండవలసినది ఎంత బరువు ఉండాలి? 27కూ 31కూ మధ్య, ఇంచుమించు 29. ఎన్ని చేతులు? నాలుగు. ఘనమా వాయువా? అటూ ఇటూ ఉన్నవి ఘనాలే కనుక ఘనం. ఇదంతా పలక మీద రాసుకున్నాక మాస్టారు జేబులోంచి ముక్క తీయాలి: సిలికాన్, 28, ఘనం, నాలుగు చేతులు. గోదావరి ఇసుకలో ఉన్నది ఇదే, చేతి ఫోను చిప్పులో ఉన్నదీ ఇదే. ఆ పిల్లలు ఆ నిమిషంలో మెండలీవ్ చేసిన పనే చేశారు.

దీని మీద సైన్సు చెప్పేవాళ్ళు లేవనెత్తే అభ్యంతరాలలో గట్టిది ఒకటుంది. పట్టికకు అసలు కారణం ఎలక్ట్రాన్ విన్యాసం, అది చెబితే వరసలన్నీ తేలిగ్గా అర్థమవుతాయి, పాత చరిత్ర తవ్వుకుంటూ కూర్చోవడం దేనికని అంటారు. కారణం అదేనన్నది నిజం. కాని ఎలక్ట్రాన్ సంగతి తెలిసింది 1897లో, పట్టిక వచ్చిన 28 ఏళ్ళకు. కారణం తెలియకముందే క్రమం కనిపించింది, కనుకనే కారణం కోసం వెతికారు. క్రమం చూడని పిల్లవాడికి కారణం చెబితే అది మరో బట్టీ అంశమవుతుంది. రెండు, ఎనిమిది, ఎనిమిది అని చెప్పి ఆపుతాం. మూడో కక్ష్యలో 18 పడతాయని మనమే చెప్పి, పొటాషియం దగ్గర పందొమ్మిదో ఎలక్ట్రాన్‌ను మాత్రం నాలుగో కక్ష్యలో వేస్తాం. ఎందుకని అడిగితే ఆ వయసులో చెప్పగల జవాబు మన దగ్గర లేదు, నమ్మమని చెప్పాలి. పోలికలను బట్టి పేర్చిన పట్టికలో నమ్మమని చెప్పవలసింది ఏదీ లేదు, ప్రతిదీ చూసి ఒప్పుకోవచ్చు. ఎనిమిదో తరగతి దాటాక అదే అట్ట ముక్కల ఆటలో హీలియం, నియాన్, ఆర్గాన్ చేర్చండి. ఆర్గాన్ భారం దాదాపు 40, పొటాషియం 39. బరువు ప్రకారం పెడితే జడవాయువు వచ్చి సోడియం కింద, పొటాషియం వచ్చి నియాన్ కింద పడతాయి. అంటే బరువు అసలు క్రమం కాదు, దాని వెనుక ఇంకేదో ఉంది. 1913లో మోస్లీ ఎక్స్ కిరణాలతో అది పరమాణు సంఖ్య అని తేల్చాడు. ఈ చిక్కు ఎదురైన పిల్లవాడికి పరమాణువు లోపలి నిర్మాణం తాను వెతుకుతున్న జవాబుగా వస్తుంది. అప్పుడు చెప్పిన ఎలక్ట్రాన్ పాఠం మనసులో నిలుస్తుంది.

బట్టీని మరీ తీసిపారేయకూడదన్నది రెండో మాట. ధారణకు పెద్దపీట వేసిన జాతి మనది. ఎక్కాలు, శతక పద్యాలు నోటికి నేర్చిన తరాలు చెడిపోలేదు, అవధానులు వేదిక మీద పద్యాలు తలలో నిలుపుకుంటారు. ఒప్పుకుంటాను, నాకూ ధారణ మీద గౌరవం ఉంది. కాని పద్యం తలలో నిలిచేది ఎలాగో చూడండి. గణాలు, యతి, ప్రాస దాన్ని పట్టి ఉంచుతాయి. పద్యంలో ఒక మాట మరచిపోతే అక్కడ ఎలాంటి మాట రావాలో గణం చెబుతుంది, ఏ అక్షరంతో పొసగాలో యతి చెబుతుంది. ఆ ఖాళీని బట్టే మరచిన మాట తిరిగి దొరుకుతుంది. ఛందస్సు తెలియకుండా పద్యాన్ని మోసేవాడికి ఆ సాయం లేదు. మొదటి ఇరవై మూలకాలను వరసగా వల్లించడం ఛందస్సు లేని మాటల మూట మోయడమే. పట్టిక ఆ మూలకాలకు ఛందస్సు. దాన్ని పట్టుకున్న తర్వాత పిల్లలు పేర్లు, సంకేతాలు నేర్చుకోవాలి, తప్పకుండా నేర్చుకోవాలి. అప్పుడు ఆ జ్ఞాపకానికి ఆసరా ఉంటుంది.

పేర్ల విషయంలోనూ మనం పిల్లలకు కొంత సాయం చేయాలి. సోడియానికి ‘ఎన్ఏ’ అనీ, ఇనుముకు ‘ఎఫ్ఈ’ అనీ సంకేతాలు ఎందుకొచ్చాయో చెప్పకపోతే అవి అర్థం లేని శిక్షలా తోస్తాయి. నాట్రియం, ఫెర్రం అనే లాటిన్ పేర్ల నుంచి వచ్చాయని చెబితే ఆ బెదురు పోతుంది. మన తెలుగు పేర్లూ అంత విలువైనవే. ఉదజని అంటే నీటిని పుట్టించేది, హైడ్రోజన్ అన్న మాటకూ అదే అర్థం. ఆమ్లజని అంటే ఆమ్లాన్ని పుట్టించేది, ఆక్సిజన్ అన్న పేరూ అలా పెట్టిందే. ఆమ్లాలన్నిటిలో ఆక్సిజన్ ఉంటుందని లావోయిజే నమ్మి ఆ పేరు పెట్టాడు. కాని హైడ్రోక్లోరిక్ ఆమ్లంలో ఆక్సిజన్ లేనే లేదని 1810లో డేవీ పని తేల్చింది. పొరపాటు తేలింది, పేరు మిగిలింది, ఆ పొరపాటును మన తెలుగు మాట కూడా భద్రంగా దాచి ఉంచింది. ఏ మాధ్యమంలో చదివినా పిల్లలకు ఈ రెండు పేర్లూ చెప్పండి. శాస్త్రంలో మహామహులు కూడా తప్పు చేస్తారనీ, తప్పును దిద్దుకునే దారి శాస్త్రంలోనే ఉందనీ ఒక్క మాటతో తెలిసిపోతుంది.

మూడో అభ్యంతరం ఇంకా సూటిది. పిల్లలకు ఈ పట్టిక అవసరమా అని. 2023లో ఎన్‌సీఈఆర్‌టీ చదువు భారం తగ్గించే పనిలో పదో తరగతి పుస్తకంలోంచి మూలకాల ఆవర్తన వర్గీకరణ అధ్యాయాన్ని తీసేసి, పదకొండో తరగతికి వదిలింది. భారం తగ్గాలన్న కోరికను నేను తప్పుపట్టను. కాని పదో తరగతి తర్వాత కామర్సుకో ఆర్ట్సుకో పోయే పిల్లలు ఇక జీవితంలో దాన్ని పాఠంగా చదవరు. పట్టిక సైన్సు చదివేవాళ్ళ సొంత ఆస్తి కాదు. నల్గొండ జిల్లా ఊళ్ళను తలుచుకోండి. నేలలోంచి వచ్చే నీటిలో ఫ్లోరైడ్ ఎక్కువై తరాల తరబడి మనుషుల పళ్ళు గారబట్టాయి, ఎముకలు వంకర్లు పోయాయి. మన దేశంలో ఈ వ్యాధిని మొదట 1937లో నమోదు చేసింది కూడా తెలుగు నేల మీదే, అప్పటి నెల్లూరు జిల్లాలో. తాగే నీటిలో ఫ్లోరైడ్ లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటకూడదు. ఫ్లోరిన్ కిందనే ఉన్న క్లోరిన్‌ను బ్లీచింగ్ పౌడర్ రూపంలో పంచాయతీ ట్యాంకులో కలిపి క్రిములను చంపుతాం. ఇంకా కిందున్న అయోడిన్ గొంతువాపు రాకుండా ఉప్పు ప్యాకెట్‌లో ఉంటుంది. ఒకే నిలువు వరస, మన ఊరి నీళ్ళ ట్యాంకు నుంచి వంటింటి ఉప్పు డబ్బా దాకా. ఏది ఎంత మోతాదులో మేలు, ఎంతలో చేటు అన్నది తెలియవలసింది ఊరి సర్పంచికి, ఇల్లు నడిపే తల్లికి కూడా. పదో తరగతితో చదువు ఆపేసే అమ్మాయికి ఈ వరస తెలియకుండా పంపడం భారం తగ్గించడం అనిపించుకోదు.

ఇక సిలబస్ పూర్తి కాదు, ప్రయోగశాల లేదు, తరగతిలో అరవై మంది అనే కష్టాలు. ఇవి నిజమైనవి, వీటిని ఓదార్పు మాటలతో కొట్టేయకూడదు. అయినా నేను అడుగుతున్నవాటి ఖర్చు చూడండి. పసుపు, సున్నం, నిమ్మకాయ, బూడిద, అట్ట ముక్కలు. సోడియాన్ని నీళ్ళలో వేయడం లాంటివి తరగతిలో ప్రమాదం, వాటిని వీడియోలో చూపిస్తే చాలు. అట్ట ముక్కల పనికి రెండు పీరియడ్లు పడతాయి. ఇరవై పేర్లు అప్పజెప్పించడానికి, మరచిపోతే మళ్ళీ అప్పజెప్పించడానికి అంతకంటే ఎక్కువే పడుతుంది. పరీక్షలో అడిగే బిట్టుకు కూడా పేర్చి చూసిన పిల్లవాడే నిలకడగా జవాబు రాస్తాడు. పొటాషియం వేలన్సీ, అంటే అది చాపే చేతులు, ఎంతని అడిగితే వాడు గుర్తు తెచ్చుకోనక్కర్లేదు, సోడియం కింద ఉన్నది కనుక ఒకటి అని తేల్చుకోగలడు. ప్రశ్నపత్రాలు తయారుచేసే పెద్దలు ఒక్క అడుగు ముందుకు వేసి, ఏడాదికి ఒక్క ప్రశ్నయినా ఖాళీ గడి ఇచ్చి అక్కడ ఏముండాలో చెప్పమని అడిగితే తరగతి గదులు వాటంతట అవే మారతాయి.

ఆ గోడ మీది చార్టును తీసేయమని నేను అనడం లేదు. 2016లో ఆఖరి నాలుగు మూలకాలకూ పేర్లు పెట్టి ఏడో వరసను నింపారు, అది మనుషులు గర్వపడదగ్గ పని. కాని నిండిన పట్టిక పెద్దలు సాధించినది. పిల్లలు సాధించుకోవడానికి వాళ్ళకూ ఒక ఖాళీ మిగలాలి. సైన్సు చెప్పే మాస్టార్లకు, టీచరమ్మలకు నా మనవి ఇంతే. ఈ ఏడాది మూలకాల పాఠం మొదలుపెట్టే రోజున చార్టును గోడ వైపు తిప్పండి. పదిహేను ముక్కలు పిల్లల ముందు పరవండి. పదహారోది మీ జేబులో ఉంచుకోండి, వాళ్ళు అడిగేదాకా తీయకండి.